పోలమ్మ దగ్గర లాక్కున్న మైకు

మీ వాదం నెగ్గడం కోసం, కళ్లెదుట నిలబడ్డ నిజాన్ని మీరెప్పుడైనా దాచారా? తొందరపడి లేదనకండి. నేనూ పదకొండేళ్లు లేదనే చెప్పుకుంటూ తిరిగాను. ఆ బరువు ఇవాళ మీ ముందు దించుతున్నాను. సిగ్గుపడాల్సిన పనే. అయినా పొద్దున్న కాగితం ముందు కూర్చున్నప్పటినుంచి, పెళ్లికి బయల్దేరినవాడిలా హుషారుగా ఉంది. ఎందుకో రాస్తూ పోతే తెలుస్తుందేమో.

నేను టెక్కలి దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. సెలవు దొరికితే ఉద్దానం ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. నిప్పుల మీద నడిచి చూపించాను. గాల్లోంచి బూడిద తీసి చూపించాను. ఎవరేం చెప్పినా నాది ఒకటే ప్రశ్న: రుజువేది?

అక్కుపల్లిలో రేవతి అని తొమ్మిదేళ్ల పిల్ల ఉండేది. చేపల వేట మీద బతికే ఇల్లు. ఆ పిల్లకు మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎర్రగా చిట్లి రసి కారేది. ఊళ్లో గజ్జి అన్నారు. బళ్లో ఎవరూ పక్కన కూర్చునేవారు కాదు. పలాస డాక్టరు మాత్రం అది ఎగ్జిమా అని, అంటుకునేది కాదని చెప్పి, పూత మందు రాసిచ్చాడు. పిల్లను పెంచుతున్న నానమ్మ పోలమ్మ, మందుకు తోడు పథ్యం కూడా పెట్టింది. చేప వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు.

నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యే ఎక్కడో చదివాను, విటమిన్ డి తక్కువైనవాళ్లలో ఎగ్జిమా ఎక్కువగా కనిపించవచ్చునని. 'కనిపించవచ్చు' అని వాళ్లు రాస్తే, 'అందువల్లే వస్తుంది' అని నేను అర్థం చెప్పుకున్నాను. చేపలో ఆ విటమిన్ ఉంది, పథ్యం దాన్ని ఆపింది, అందుకే జబ్బు తగ్గట్లేదు. ఎంత ముచ్చటగా అతికిందో. పిల్లకు నిజంగా ఆ విటమిన్ తక్కువగా ఉందా? రక్తపరీక్ష చేయించానా? లేదు. పొద్దంతా ఇసకలో, ఎండలో తిరిగే పిల్లకు ఎండ ఇచ్చే విటమిన్ ఎందుకు తక్కువవుతుందన్న అనుమానమైనా రాలేదా? వచ్చింది. ఆ అనుమానాన్ని నోరు మూసుకుని కూర్చోమన్నాను.

ఊరందరి ముందు పోలమ్మకు సవాలు విసిరాను. మూడు నెలలు పిల్లకు చేప పెట్టాలి, నేనిచ్చిన మాత్ర వారానికొకటి వెయ్యాలి. తగ్గకపోతే నా మీసం తీయించుకుంటాను. తగ్గితే సభలో నిలబడి, పథ్యం తప్పని పోలమ్మ ఒప్పుకోవాలి.

"మీసం సంగతి ఇంటికాడ అమ్మగారినడిగినారా బాబూ?" అంది పోలమ్మ. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మూడు నెలలకు తగ్గింది.

సభ రోజు పొద్దున్నే వెళ్లాను. రేవతి పొట్టి చేతుల గౌను వేసుకుని అలల్లో ఎగురుతోంది. ఏడాదిగా ఎండాకాలంలో కూడా పొడుగు చేతులు దిగలాగి తిరిగిన పిల్ల. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ చాపింది. మడతల్లో మచ్చ కూడా సరిగా లేదు. నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సంతోషం నిజమైనది. దాన్ని మాత్రం ఈ ఒప్పుకోలులో కలపను.

"మాత్రలన్నీ వేసుకున్నావా?" అన్నాను.

"నేదు మేస్టారూ. కోళ్లకేసీసినాను."

"అన్నీనా?"

"అన్నీని. మాత్రలేసుకుంటే కిడ్నీలు పోతాయని పెద్దమ్మ సెప్పింది. కోళ్లకేటి, బాగున్నాయి. గుడ్డు పెంకు రాయిలా వత్తంది."

"పోనీ చేపలు తిన్నావుగా?"

"అవెప్పుడు మానేసినాను? పత్తెం పెట్టినప్పుడు కూడా పెద్దమ్మోలింట్లో తింతానే ఉన్నాను. నానమ్మకి సెప్పకండేం."

"మరెలా తగ్గిందే?"

"సబ్బండీ. ఒంటికి సేప వాసనొత్తందని బళ్లో ఏడిపిత్తారు కదా. అందుకని బట్టల సబ్బుతో రుద్దుకునీదాన్ని. నానమ్మకి దాని మీద అనుమానమొచ్చింది. ఈ సేతికి సబ్బు రాయనిచ్చింది, ఈ సేతికి మానిపించింది. పదేను రోజులు సూసింది. రాసిన సెయ్యే దురద. అప్పుడు రెండిటికీ మానిపించి, తానం అయిన ఎంటనే కొబ్బరి నూని, డాక్టరు మందు రాసీది."

"ఈ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవులడిగినారు? మీరే ఇప్పుడడిగినారు."

ఆ రెండు చేతులూ పట్టుకుని మళ్లీ చూశాను. చదువు రాని పోలమ్మ ఒక చేతిని మార్చింది, ఒక చేతిని మార్చకుండా ఉంచింది, రెండూ పోల్చి చూసింది. పిల్లలకు బోర్డు మీద నేను గీసి చెప్పే పద్ధతి అదే. మాత్రలు పిల్ల గొంతులోకి వెళ్లలేదు. చేప మధ్యలో ఆగిందే లేదు. నా సిద్ధాంతానికి కాళ్లు లేవు, పోలమ్మ పథ్యానికీ లేవు. నెగ్గినవి ఆమె కళ్లు. ఎగిరి గంతెయ్యాల్సిన రోజు కదా అది? సైన్సు మేష్టారుకి అంతకంటే పండగేముంటుంది?

కానీ నా మీసం గుర్తొచ్చింది. సభకు పిలిచినవాళ్లు గుర్తొచ్చారు.

సభలో పోలమ్మ మైకు పట్టుకుంది. మనవరాలు మాత్రలు మింగిందనే ఆమె నమ్మకం. "మేస్టారు సదువుకున్నోరు. ఆ మాత్రలే పన్సేసుంటాయి. అయితే నేను సబ్బు సంగతి ఒకటి..." అంటోంది. నేను చెయ్యి చాపి మైకు లాక్కున్నాను. "సబ్బు సంగతి ఇంటికెళ్లి చూసుకుందువు గాని, పథ్యం తప్పా కాదా, అది చెప్పమ్మా" అన్నాను. జనం నవ్వారు. ఆమె చేతులు జోడించి "తప్పే బాబూ" అంది. చప్పట్లు. అవి నాకే.

తర్వాత చిన్న పుస్తకం వేశాను, పథ్యాలన్నిటి మీదా. అందులో పదమూడో పేజీ అక్కుపల్లి పిల్ల కథ. చేపా మాత్రా కలిసి ఎగ్జిమాను తరిమేశాయని రాశాను. కోళ్ల మాట రాయలేదు. సబ్బు మాట రాయలేదు. జలంత్రకోట వైపునుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. నా పుస్తకం చదివి, కొడుక్కి పూత మందు ఆపేసి మాత్రలే వేసిందట. ఒళ్లంతా పుండ్లు పడి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందట. బాబు తేరుకున్నాడు. "మాత్రలు నేనే సరిగా వెయ్యలేదేమో మాస్టారూ" అని చివర రాసింది. తప్పు తన మీద వేసుకుంది. నేను జవాబు రాయలేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కోసేది ఆ రాయని జవాబే. ఆ విటమిన్ మితిమీరితే కిడ్నీకే ముప్పు. కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్లు అల్లాడే ఉద్దానంలో, ఒక్క పరీక్ష లేకుండా నేను మాత్రలు పంచాను. మరి నాకూ, గాల్లోంచి బూడిద తీసేవాడికీ తేడా ఏమిటి? వాడి బూడిద కిడ్నీ జోలికి పోదు. అదే తేడా.

పోయిన వారం అక్కుపల్లి వెళ్లాను. పోలమ్మ గడపలో కూర్చుని చేపలు కోస్తోంది. రేవతి డిగ్రీ చదువుతోందట, ఊరి పిల్లలతో కబడ్డీ ఆడుతోందట. నిలబడే అంతా చెప్పేశాను. చేతిలో కత్తి ఆపకుండా వింది. కోళ్ల దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టేసింది. "ఎంత దొంగది. అందుకేటి ఆ యేడు అన్ని గుడ్లు" అంది. నేనూ నవ్వాను. ఇద్దరం కళ్లు తుడుచుకునేదాకా నవ్వాం. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఆ రోజు మైకు నాకుంచుంటే సబ్బు మాట సెప్పీదాన్ని. ఎంతమంది పిల్లలకి పనికొచ్చీదో. నాకెందుకు సెప్తన్నావు బాబూ? ఆ పుస్తకం సదివినోలకి సెప్పు."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. మళ్లీ కత్తి అందుకుంది.

అందుకే మీకు చెబుతున్నాను. విటమిన్ లోపానికీ ఎగ్జిమాకూ సంబంధం ఉండొచ్చు. చదువుకున్నవాళ్లు ఇంకా వెతుకుతున్నారు. నేను తేల్చేశానని చెప్పినది అబద్ధం. చెప్పేశాక ఒళ్లు తేలికైంది, దాచుకోను. కానీ నా తేలికతో మీ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే లేవండి. పదమూడో పేజీ తీసి అడ్డంగా గీత కొట్టండి. పక్కన పోలమ్మ చేసిన రెండు చేతుల పరీక్ష రాయండి. డాక్టరు చెప్పకుండా బిడ్డకు మాత్ర వెయ్యకండి, పూత మందు ఆపకండి. ఆ పుస్తకం మీ దగ్గర అడిగి తీసుకెళ్లినవాళ్లు ఎవరో గుర్తు చేసుకుని, ఇవాళే వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పండి.