కొలిమి నెత్తిన తట్టిన కర్ర

గోదావరిఖనిలో తుక్కుకు పోయే పాత కరెంటు కొలిమిని నాకంటే చౌకగా కొన్నవాడు ఉంటే చూపించండి. "లోపల కప్పు ఇటుకలు పగిలినయ్ సేటూ, మార్చి ఇస్త," అన్నాడు మెకానిక్ యాకూబ్ భాయ్. అక్కర్లేదని చెప్పి, ఆ ఖర్చు కూడా ధరలోంచి కోయించాను. దుకాణదారుల ఇంట పుట్టినందుకు ఆ రోజు మీసం తిప్పుకున్నాను. ఇక దయ్యాలంటారా, తూకానికి రాని సరుకును మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నేనూ అంతే.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కాస్త ముందు మాట ఇది. నేను లిథియం బ్యాటరీల మీద పరిశోధన చేస్తున్నాను. బ్యాటరీ లోపలి ద్రవానికి నిప్పంటుకునే గుణం ఉంది. దాని బదులు పింగాణీ లాంటి గట్టి బిళ్ల పెట్టాలని నా ప్రయత్నం. అయితే బిళ్లలోంచి లిథియం అయాన్లు చురుగ్గా నడవాలి. రేణువుల మధ్య సందులుంటే అక్కడే ఆగిపోతాయి. సరిగ్గా కాలిస్తే రేణువులు అతుక్కుని దారి సాఫీ అవుతుంది. యూనివర్సిటీ కొలిమి దగ్గర వంతు దొరకక, మా దుకాణం వెనక రేకుల షెడ్డులో ఈ పాత కొలిమిని పెట్టుకున్నాను.

పక్కింటి రాజమల్లు కాక గనిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు గనిలో కప్పు కిందికి వెళ్లే ముందు దాన్ని కర్రతో తట్టి చూస్తారు. ఖంగుమంటే పోవచ్చు. డొల్లగా మోగితే వెనక్కి రావాలి. నేను కొలిమి తెరిచినప్పుడల్లా కాక వచ్చి దాని నెత్తిన కర్రతో తట్టేవాడు.

"ఏందిరా సేటు కొడుకా, చేతులు గూడ అగ్గువకే కొన్నవా? తట్టకుండ లోపల పెట్టకు."

"ఇది గని కాదు కాకా," అని నవ్వేవాణ్ణి.

ఆ వానాకాలం కాక పోయాడు. కర్రను కూడా చితి మీదే పెట్టారు.

దినాలయ్యాక చివరి బిళ్ల కాల్చాను. ఇంకో బిళ్ల చేయడానికి పొడి లేదు, గడువూ లేదు. అది అయాన్లను నడిపిస్తేనే ఆ ఏడు నాకు డిగ్రీ. పట్టపగలు, కొలిమి చల్లారింది. యాకూబ్ భాయ్ గుమ్మం దగ్గర మా టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. కొలిమి తలుపు తీసి రెండు చేతులూ లోపలికి చాపాను.

కొలిమి నెత్తిన కర్ర తట్టిన చప్పుడు. డొల్లగా.

చేతులు వాటంతటవే వెనక్కి వచ్చాయి.

"ఎవడు కొట్టిండు సేటూ?" అన్నాడు యాకూబ్ భాయ్.

నేను నోరు తెరిచేలోపే లోపలి కప్పు మొత్తం కూలింది. బిళ్ల నుగ్గయింది.

చల్లారే ఇటుక చిటపటలాడుతుందని నాకు తెలుసు. ఆ చప్పుళ్లు రోజూ వినేవే. ఇది కొలిమి బయటి ఇనుప రేకు మీద పడిన దెబ్బ. షెడ్డు పైకెక్కి కూడా చూశాను. కోతి లేదు, రాలిన కాయ లేదు. యాకూబ్ భాయ్ ఇప్పటికీ ఆ షెడ్డులో అడుగు పెట్టడు.

ఇదీ ఆ బేరం చివరి లెక్క. ఇటుకల మీద మిగిలింది కొంచెం. పోయింది బిళ్ల, దాంతో పాటే ఒక ఏడాది. దక్కినవి రెండు చేతులు. వాటికి నేను పైసా కట్టలేదు, బేరమూ ఆడలేదు. ఎవరిచ్చారో కూడా చెప్పలేను.