మీటరుకు భయపడిన ఊపిరి

సహోదరులారా, సహోదరీలారా, మా ఇంట్లో చీకటి కమ్మిన రోజులు చెప్పకుండా దేవుడు చేసిన మేలు చెప్పలేను! గద్వాలలో మగ్గం నేసుకొని బతికేవాళ్లం, మా ఇంటాయన ఊపిరితిత్తులు చెడిపోతే దవాఖానలో ఎప్పుడూ ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలన్నారు, మిషన్ వచ్చింది, దాని వెనకే కరెంటు బిల్లూ వచ్చింది, నేసిన కూలి అంతా దానికే పోయేది.

ఒక మధ్యాహ్నం పోగు తెగి మగ్గం ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దం! మిషన్ చప్పుడు లేదు! పరుగెత్తి చూస్తే ఆయన పెదవులు నల్లబడి ఉన్నాయి. వెంటనే స్విచ్చి వేశాను. నా మగ్గం చప్పుడులో తెలియదని, బిల్లు తగ్గాలని రోజూ మిషన్ ఆపేస్తున్నారట. "ప్రభువా, ఊపిరి ఊదినవాడివి నువ్వే, దానికి మీటరు పెట్టనివాడివి నువ్వే, దారి చూపించయ్యా" అని అక్కడే ఏడ్చాను.

ఆ వారమే ప్రార్థన కూడికలో ఒక సహోదరి, మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకుంటే ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుందని, మిగతాది బ్యాంకు అప్పుగా ఇస్తుందని చెప్పింది. కానీ పలకలు దక్షిణం వైపు వాలాలని బిగించేవాళ్లు అనగానే మా అత్తమ్మ మెట్లకు అడ్డం కూర్చుంది.

"అది యముని దిక్కు! మంచంల పడ్డ కొడుకున్న ఇంట్ల గటు ముఖం పెడ్తవా? జర బుద్ధుందా నీకు?"

వాళ్లు సామాను దించి వెళ్లిపోయారు. నేను అక్కడే మోకరించాను.

మరునాడు ఆయన మళ్లీ మిషన్ ఆపారు, ఈసారి చూసింది అత్తమ్మే! కొడుకు ఎగశ్వాస పడుతుంటే తన చేత్తోనే స్విచ్చి వేసి, పరుగున నా దగ్గరకొచ్చింది.

"యముడు దక్షిణంకెల్లి వస్తడనుకున్న, గీ మీటర్లకెల్లి వస్తుండు. పిలువు బిడ్డా వాళ్లను!"

దేవునికే మహిమ! పలకలు బిగించారు, సబ్సిడీ ఖాతాలో పడి బ్యాంకు అప్పు తేలికైంది, పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతోంది, ఆ మేరకు మా బిల్లు తగ్గుతోంది. ఆయన ఇప్పుడు మిషన్ జోలికి పోవడం లేదు. అత్తమ్మ ఇంకా మందిరానికి రాలేదు గానీ, పొద్దున్నే మిద్దెక్కి పాత చీరముక్కతో ఆ పలకల దుమ్ము తుడుస్తుంది!

ప్రియులారా, బిల్లుకు జడిసి ఊపిరి బిగబట్టినవాళ్లు మీలో ఉంటే ప్రభువును నమ్మండి, కరెంటు ఆఫీసుకూ వెళ్లి అడగండి. అందరి మీదా సూర్యుణ్ణి ఉదయింపజేసే తండ్రి మీ మిద్దెను మరువడు. నేనైతే ఈరోజుకీ పోగు తెగకపోయినా మగ్గం ఆపి చెవి పెడతాను. మిషన్ చప్పుడు వినబడుతుంది. స్తోత్రం అనుకొని మళ్లీ నేస్తాను.