తిరిగి వెళ్ళిన తాంబూలం

ఆ తాంబూలం వాపసు ఇవ్వడానికి బయల్దేరినప్పుడు, దాంతోపాటు తన ఇల్లు కూడా ఇచ్చేస్తున్నానని పున్నమ్మగారికి తెలుసా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తెలిసే వెళ్ళిందని ఒక్కోసారి అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పితో, నిద్రలేని కళ్ళతో ఉన్న మనిషి అంత దూరం ఏం ఆలోచించి ఉంటుందిలే అని ఇంకోసారి.

జగ్గయ్యపేటలో బజారు వెనక సందులో ఉండేది ఆవిడ ఇల్లు. వెనక వాటాలో మేం అద్దెకుండేవాళ్ళం. మా ఆయన హైస్కూల్లో మాస్టరు, నేను కాపురానికి వచ్చిన కొత్త. మధ్యాహ్నం పూట ఆవిడ నా గుమ్మంలో చేరగిలబడి, "ఏం రాశాడే మీ పత్రికలో?" అనేది. చదివి వినిపించేదాన్ని. వింటూ వింటూ కునికేది.

ముందు భాగమంతా విడిది. రెండు పెద్ద సావిళ్ళు, వంటిల్లు, పెరట్లో మంచినీళ్ళ బావి. పేటలో పెళ్ళి చేసే వర్తకుల ఇళ్ళవాళ్ళు మగపెళ్ళివారిని దింపడానికి ఆ ఇల్లే మాట్లాడుకునేవారు. వేణ్ణీళ్ళు కాచడం, చాపలు, పరుపులు, పందుంపుల్లలు, అలిగి కూర్చున్న మేనత్తకి మళ్ళీ కాఫీ, అన్నీ ఆవిడే చూసేది. "నీళ్ళు కాగినా తప్పే, చల్లారినా తప్పే. మగపెళ్ళివారికి నచ్చే నీళ్ళు ఏ నూతిలో ఉన్నాయో ఇంతవరకూ తెలియలా నాకు," అని నవ్వేది. పెళ్ళి మాత్రం ఒక్కటీ చూడలేదు. చిన్నతనంలోనే భర్త పోయాడు. మేళం కదిలే వేళకి తనే లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేది.

విడిది ఖాయం చేసుకోవడానికి కాగితాలూ కబుర్లూ ఉండేవి కావు. ఆడపెళ్ళివారు ఆకులు, వక్కలు, పసుపుకొమ్ములు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇస్తే అయిపోయినట్టే. ఆవిడ ముట్టుకోకూడదు కనుక, ఆవిడ బావగారు అచ్చయ్యగారి భార్య వచ్చి ఆ తాంబూలం అందుకునేది. అందుకున్నాక ఇంకెవరడిగినా ఇల్లు లేదు. దాన్ని వెనక్కి పంపడమన్నది ఎవరూ ఎరగరు.

ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. తమ్ముడు పోయాక మొత్తం అచ్చయ్యగారి చేతిలోకి వచ్చింది. ఆయనకి పత్తి వ్యాపారం, సరుకు నిలవ చేసుకుందామని ఆ సావిళ్ళ మీద ఎప్పట్నించో కన్ను. అయినా, విడిది మంచిగా నడిచినన్నాళ్ళు తమ్ముడి భార్యని ఉండనిస్తానని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు. ఆ మాట మీదే ఆవిడ బతుకు నిలబడి ఉంది.

నలభై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో తిరుపతిరావుగారి అమ్మాయి పెళ్ళికి ఇల్లు ఖాయమయింది. పిల్లవాడిది నందిగామ. పున్నమ్మగారు గోడలకి సున్నం వేయించింది, బావి తోడించింది, పరుపుల్లోకి పత్తి మిల్లులో దూది ఏరించి పెట్టింది. అప్పటికి కొన్ని నెలలుగా నైజాం వైపు నించి జనం సరిహద్దు దాటి వస్తూనే ఉన్నారు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారని పత్రికలో చదివేదాన్ని. ఆ వారం బళ్ళకి బళ్ళు వచ్చిపడ్డాయి. చుట్టాలున్నవాళ్ళు చుట్టాల ఇళ్ళకి చేరారు. ఎవరూ లేనివాళ్ళు మిల్లు రేకుల షెడ్డులో ఉండిపోయారు.

దూది తెచ్చుకుందామని వెళ్ళిన పున్నమ్మగారు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. నా గుమ్మంలో కూలబడింది.

"దూది ఏదండీ పిన్నిగారూ?" అన్నాను.

"దాని మీద పసిపిల్లని పడుకోబెట్టారే. ఒళ్ళు కాలిపోతోంది పిల్లకి. తల్లి నన్ను చూసి, 'దొరసానీ, మీదా ఇది? జెర సేపు పండనియ్యిండ్రి, మళ్ళ లేపుత' అంది. లేపమనడానికి నోరు రాలా." కాసేపు మోకాలు రుద్దుకుంది. "ఇంత కొంప పెట్టుకుని, పెళ్ళి ఇంకా పదిరోజులుందని గోడలకి కాపలా కాస్తున్నా."

ఆ సాయంత్రమే వాళ్ళని తీసుకొచ్చింది. ఆ తల్లి పేరు దేవమణి, భర్త ఏలీయా, అతని ముసలి తండ్రి, పిల్లలు, వెనక అదే పల్లెవాళ్ళు ఇంకొన్ని కుటుంబాలు. అందరూ క్రైస్తవులు, పొలం కూలీలు. గుమ్మం దాటమంటే దాటరు. ఏలీయా అరుగు కిందే నిలబడి, "మేం గీడనే ఉంటం తల్లీ. పోరగాండ్లకు లోపల జరంత జాగ ఇస్తే సాలు," అన్నాడు.

"అరుగు మీద మంచు పడుద్ది. నాకు మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేదు, లోపలికి పదండి," అంది విసుగ్గా.

తెల్లారేసరికి అచ్చయ్యగారు వచ్చారు. బావగారి ఎదుటికి వచ్చి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. తలుపు వెనక నిలబడింది. ఆయన వాకిట్లో నిలబడి నాతో మాట్లాడారు.

"మీ ఇంటావిడ వింటోందామ్మా?"

"వింటున్నారండి."

"అయితే చెప్పు. జాలి ఈవిడొక్కదానికే లేదు. కాందిశీకుల కమిటీకి నేనూ బియ్యం ఇచ్చా. వాళ్ళని నా గిడ్డంగిలోకి పంపమను."

"గిడ్డంగిలో మిరపకాయలున్నాయిగా, ఆ ఘాటుకి పసిపిల్లకి ఊపిరాడదని చెప్పమ్మాయ్," అని తలుపు వెనకనించి వచ్చింది.

"ఇది విడిది అని చెప్పు. సత్రం కాదని చెప్పు."

"తెలుసునని చెప్పు."

నేను నోరు విప్పాల్సిన పనే లేదు. అయినా ఇద్దరూ నాకేసే చెబుతున్నారు.

"తాంబూలం పుచ్చుకున్నాం. మా ఇంటిది తన చేత్తో అందుకుంది. అది వెనక్కిచ్చే పని మా ఆడది మాత్రం చెయ్యదు. ఇంకోటి కూడా చెప్పు. ఈ ఇంట్లో పెళ్ళివారు దిగినన్నాళ్ళే నా మాట."

ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదు. సాయంత్రం కొత్త తమలపాకులు తెప్పించింది. తాంబూలం అందుకున్ననాడు పటం దగ్గర పెట్టిన ఆకులు ఎండిపోయాయి మరి. వక్కలూ పసుపుకొమ్ములూ అవే తీసి, ఇత్తడి పళ్ళెంలో సర్దింది.

"నేనిచ్చి వస్తానండీ," అన్నాను. ముత్తైదువని కదా, ఆ మాత్రం తెలుసు నాకు.

"నువ్వెందుకే? మాట తప్పేది నేను, మాట పడేది నువ్వూనా? ఎవరి చేతో పంపితే మొహం చాటేసిందంటారు. నేనే వెళ్ళి చెప్పుకోవాలి. అదీ మర్యాద."

మర్యాదే అనుకుంది. అక్కడే పొరబడింది. నేనూ వెంట వెళ్ళాను.

తిరుపతిరావుగారింట్లో ఆ పూటే పందిరి రాట వేశారు. గుంజకి కట్టిన మామిడాకులు ఇంకా తడిగా ఉన్నాయి. లోపల ఆడవాళ్ళు పసుపు దంచుతూ పాడుతున్నారు. పున్నమ్మగారు వీధిలోనే ఆగి, పళ్ళెం పైట చాటున పట్టుకుంది. తిరుపతిరావుగారు బయటికొచ్చారు. మంచి మనిషి. కాందిశీకుల కమిటీలో ఆయనా ఒకడు.

"ఏంటమ్మా పున్నమ్మా, ఇంత దూరం నడిచొచ్చావ్? కబురంపితే నేనే వచ్చేవాణ్ణిగా."

"అన్నయ్యా, ఇల్లు నీకివ్వలేకపోతున్నా." అంతే అంది. తర్వాత మాట కోసం తడుముకుంది. "మిల్లులోవాళ్ళు... పసిపిల్లలున్నారు."

ఆయన తల ఆడించారు. "విన్నాన్లే. మాకూ కష్టమే అనుకో. నందిగామవాళ్ళకి ఏం చెప్పాలో చూడాలి. మా తమ్ముడి ఇల్లు ఖాళీ చేయిద్దాం, ఏదోటి చేద్దాం. నువ్వేం దిగులు పెట్టుకోకు."

ఆవిడ మొహం తేటపడింది. ఆ మొహం అలా ఉండటం నేను చూసింది అదొక్కసారే. ఆ ఊరటలోనే, రెండడుగులు పందిట్లోకి వేసి, పైట చాటునించి పళ్ళెం తీసి రెండు చేతులా చాచింది.

లోపల పాట ఆగిపోయింది. తిరుపతిరావుగారి తల్లి వసారాలో పీట మీద కూర్చుని ఉంది. ఆమె లేచి నిలబడింది.

"ఎవరు తెచ్చారురా అది? ఎవరి చేతిలో ఉందది?"

పసుపు దంచే ఆడవాళ్ళు రోకళ్ళు వదిలి గుమ్మంలోకి వచ్చారు.

"రాట వేసి పూట కాలేదు. పసుపుకొమ్ములు పట్టుకుని ఎవరొచ్చారో కళ్ళుండి చూస్తున్నావురా నువ్వు?"

"అమ్మా, ఊరుకో," అన్నారు తిరుపతిరావుగారు. కానీ ఆయన చేతులు ముందుకి రాలేదు. తీసుకుంటే ఒక తప్పు, వద్దంటే ఒక తప్పు. పున్నమ్మగారి చేతులు అలాగే చాచి ఉన్నాయి. నేనే అందుకుని అరుగు మీద పెట్టాను.

తిరిగొస్తుంటే సందు మొదట్లో, "ముందు నడువమ్మా, నా మోకాళ్ళు కదలట్లా," అంది.

ఆ రాట పీకేసి, ఇంకో మంచి గడియ చూసి మళ్ళీ వేశారు. సంగతి నందిగామ చేరింది. పెళ్ళి తమ ఊళ్ళోనే చేసుకుంటామన్నారు వాళ్ళు. అక్కడే చేశారు. ఆ అమ్మాయి పిల్లాపాపలతో నిండుగా బతికింది, చాలా ఏళ్ళ తర్వాత విజయవాడలో చూశాను కూడా. దానివల్ల పేటలో ఎవరి అభిప్రాయమూ మారలేదు.

దేవమణి వాళ్ళు ఆ ఇంట్లో వానలు వెళ్ళేదాకా ఉన్నారు. అదేదో పండగలా గడిచిందనుకోవద్దు. కొత్త సున్నం మీద పిల్లలు బొగ్గుతో బళ్ళూ ఎద్దులూ గీశారు. మగవాళ్ళు పనికోసం పొద్దున్నే వెళ్ళి, దొరక్క మధ్యాహ్నానికే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ముసలాయన దగ్గు. పొయ్యిలు, పొగ, ఏడుపులు. పున్నమ్మగారు విసుక్కునేది, తిట్టేది కూడా. "మగపెళ్ళివారే నయం, మూడోనాటికి పోతారు," అనేది. దేవమణి నవ్వి, "మమ్ముల పొమ్మన్నా పోం అమ్మా, ఏడికి పోతం?" అనేది.

నీళ్ళ సంగతి చెప్పాలి. మొదట్లో వాళ్ళు బావి దగ్గరికి రాలేదు. ఆవిడే తోడి, పైనించి వాళ్ళ కుండల్లో పోసేది. అంతమందికి పొద్దుటా సాయంత్రమూ. నేనూ కొన్ని చేదలు తోడేదాన్ని, కడుపుతో ఉన్నానని నన్ను మాన్పించింది. ఎండలు ముదిరి నీళ్ళు అడుక్కి పోయాయి. ఓ రోజు చేద సగంలో ఉండగా తాడు వదిలేసి గట్టు మీద కూర్చుండిపోయింది. భుజం పట్టేసింది.

"దేవమణీ, నా వల్ల కావట్లా. నువ్వు తోడుకో," అంది.

దేవమణి కదల్లేదు. "బావిలనా అమ్మా? మేమా?"

"బావికాడ ఇంకేం తోడతావే? నాక్కూడా ఓ చెంబు పొయ్యి, గొంతెండిపోతోంది."

దేవమణి తోడి పోసిన నీళ్ళు దోసిలి పట్టి తాగింది. పెద్ద మాటలేమీ అనలేదు. ఓపికైపోయింది, అంతే. ఆ తర్వాత ఆ తాడు ఎవరికి కావలిస్తే వాళ్ళు లాగారు.

సెప్టెంబరులో భారత సైన్యం నైజాంలోకి వెళ్ళింది. పరిస్థితులు నెమ్మదించాక ఒక్కొక్కళ్ళే వాళ్ళ ఊళ్ళకి తిరిగి వెళ్ళారు. దేవమణి ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చింది. "ఏడిస్తే బండి దాటిపోద్ది, పో," అని లేవదీసింది. వాళ్ళు వెళ్ళాక సావిట్లో చాప వేసుకుని, నాకు తెలిసి మొదటిసారి, పట్టపగలు పడుకుని నిద్రపోయింది.

మళ్ళీ పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. గోడలకి సున్నం వేయించింది. తాంబూలం పట్టుకుని ఎవరూ రాలేదు. సందు చివరి ఇంట్లో పెళ్ళికి కూడా మగపెళ్ళివారిని వేరేచోట దింపారు.

అచ్చయ్యగారు వచ్చారు. మళ్ళీ వాకిట్లో ఆయన, తలుపు వెనక ఆవిడ, మధ్య చంటిపిల్లని ఎత్తుకుని నేను. ఈసారి ఆయన గొంతు మెత్తగా ఉంది.

"ఆవిడకి చెప్పమ్మా. వాళ్ళు ఉన్నారంటే ఉన్నారు, ఆపదలో ఎవరైనా ఉంటారు. ఇల్లు శుద్ధి చేయిస్తాను. పెద్దలు అడిగేది ఒక్కటే. బావి వాళ్ళు ముట్టుకోలేదు, తనే తోడి పోసింది అని ఒక్క మాట చెప్తే చాలు. మొదట్లో తోడింది తనేగా, ఊరంతా చూసింది. అబద్ధం కూడా కాదు."

ఒప్పుకోండి పిన్నిగారూ అని మనసులో అనుకుంటున్నాను.

"ముట్టుకున్నారని చెప్పు," అంది.

"ఎవరు చూశారు?"

"నేనే తోడుకోమన్నానని చెప్పమ్మాయ్. వాళ్ళు తోడిన నీళ్ళు నేనూ తాగానని చెప్పు."

"అది బయటికి చెప్పక్కర్లేదుగా!" ఆయన నన్ను దాటి తలుపుకేసి అరిచారు. మరదలితో ఆయన నేరుగా మాట్లాడటం అదే మొదలు. "ఒక్క మాటమ్మా! ఇల్లు నిలబడుద్ది!"

"ఆ పిల్ల దొంగతనంగా తోడుకున్నట్టవదూ, బావగారూ? నేను రమ్మంటే వచ్చింది." ఆవిడ కూడా ఆయనతోనే అంది. "నాకింక ఓపిక లేదు. మీ దూదేదో మీరు వేసుకోండి."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. కోపంకన్నా దిగులే ఎక్కువ కనిపించింది నాకు. మెల్లిగా వెళ్ళిపోయారు.

నందిగామలో ఆవిడ తమ్ముడు ఉన్నాడు. అక్కడికి వెళ్తుందని అనుకున్నాం. ఎప్పుడో మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు. పత్రిక చదివేదాన్ని, వినేది, కునికేది.

ఓ ఉదయం పత్తి బోరాలు దిగాయి. ముందు వాకిలంతా దుమ్ము. ఆ దుమ్ముకి దగ్గొస్తుందేమో, నా వాటాలోకి రమ్మందామని కాఫీ కలిపి పట్టుకెళ్ళాను. సావిట్లో హమాలీలు తప్ప ఎవరూ లేరు.

"అమ్మగారా అండీ? ఇందాకే మూట చంకనెట్టుకుని బస్సు కాడికి పోయారండీ," అన్నాడొకడు.

గ్లాసు అక్కడే పెట్టి, పిల్లని భుజాన వేసుకుని పరుగున వెళ్ళాను. నందిగామ బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన, తల మీద ముసుగుతో, ఒళ్ళో మూటతో ఉందావిడ. పిలిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. బస్సు సంత మలుపు తిరిగి వెళ్ళిపోయింది.