రామకోటి పలక

మొన్న తెనాలిలో ఒక బోర్డుల దుకాణం ముందు నుంచి వెళ్తుంటే, మిషను కింద కాలుతున్న టేకు చెక్క వాసన వచ్చింది. ఆ వాసన నాకు ఇష్టమంటే అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. అది తగిలితే చాలు, సాంబశివరావు మాస్టారి వరండా కళ్ళముందుకొస్తుంది.

ఆయన బాపట్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, తెనాలిలో మా పక్కింట్లో ఉండేవారు. ఇరవయ్యేళ్ళ కిందటి మాట. కంప్యూటర్లో గీసిన గీతను చెక్క మీద చెక్కే సీఎన్‌సీ రౌటర్‌ను సరదాకి సొంతంగా కట్టుకున్నారు. అది నడిస్తే వీధిలో పిండిమర పెట్టినట్టుండేది. నేనప్పుడే కంప్యూటర్లు నేర్పే ఉద్యోగంలో చేరాను. ఆయనకు బొమ్మలు గీసిపెట్టే పని నాది.

రేపల్లెలో ఉండే ఆయన అక్కయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొంత తేరుకున్నా, సగంలో ఆగిన రామకోటి మీదే ఆవిడ బెంగ. ఎడమచేత్తో రాయనంటే రాయనన్నారు. గాడిలో పెన్సిల్ నడిపితే చేతికి మళ్ళీ అలవాటవుతుందని మాస్టారు ‘శ్రీరామ’ అని లోతుగా చెక్కిన పలక చేసిచ్చారు. నెల తర్వాత మేమిద్దరం రేపల్లె వెళ్ళి చూస్తే, ‘శ్రీ’ మొదటి వంపు దగ్గరే పెన్సిల్ ఆగిపోతోంది. ఆవిడ చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నారు.

“ఇంక ఈ చేతికి రాదురా తమ్ముడూ. వదిలెయ్.”

సాధన చేస్తే వస్తుందని నేను పెద్ద ఆరిందాలా ధైర్యం చెప్పాను. మాస్టారు పలక వెంట తెచ్చుకుని, తిరుగు రైల్లో కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో ఆ గాడిలో పెన్సిల్ తిప్పుతూ కూర్చున్నారు.

“ఇక్కడ నాకే తగుల్తోందమ్మాయ్.”

నేను తిప్పి చూసి, ఇది లెక్కలోది కాదన్నాను.

“మన చేతికి బలముంది కాబట్టి దాటేస్తన్నాం. ఆవిడకదే గోడ.”

ఆ మిషను మోటార్లు అడుగులు అడుగులుగా తిరుగుతాయి. ఎప్పుడు ఎంత కరెంటు అందాలో చూసుకునే బోర్డులను డ్రైవర్లంటారు. పాతవి ఆయన స్వయంగా తయారుచేసుకున్నవి. వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవారు. వాటితో మోటారు వేస్తే పూర్తి అడుగే వేసేది. తిన్నని గీతకు ఫర్వాలేదు కానీ, మన అక్షరాలన్నీ గుండ్రనివాయె. వంపుల్లో గాడి అంచు మెట్లుమెట్లుగా వచ్చేది. ఒక్కో అడుగునూ చిన్నచిన్న ముక్కలు చేసి నడిపే కొత్త డ్రైవర్లను హైదరాబాదు నుంచి తెప్పించారు. పాతవి ఊడదీస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం వాటిని అట్టపెట్టెలో సర్దేసి, కొత్తవి బిగించి, మోటార్ల మీద చెయ్యి వేసి వేడి చూసుకుంటూ కరెంటు సరిచేశారు. ముందు థర్మోకోల్ మీద, తర్వాత చెక్క మీద. కొత్త గాడిలో పెన్సిల్ ఎక్కడా ఆగలేదు.

మళ్ళీ రేపల్లె వెళ్ళాం. కొత్త పలక ఆవిడ ఒళ్ళో పెట్టి మాస్టారు తల వంచుకుని చెప్పారు.

“అక్కయ్యా, అప్పుడు ఆగింది నీ చెయ్యి కాదు. నా మిషను.”



“ఆ సంగతి తెలీక, ఇన్నాళ్ళూ ఈ చేతిని నానా తిట్లూ తిట్టుకున్నాన్రా.”

అని ఆవిడ ఎడమచేత్తో కుడిచేతిని నిమురుకున్నారు. అప్పుడు పెన్సిల్ పట్టుకుంటే, వణుకుతూనే అయినా, ‘శ్రీ’ వంపు తిరిగింది. రామకోటి పూర్తి కాకుండానే ఆవిడ పోయారు. కానీ పోయేదాకా రాస్తూనే ఉన్నారు.

మాస్టారూ ఇప్పుడు లేరు. నేను పాఠాలు చెబుతూనే ఉన్నాను. ఏ పిల్లైనా వచ్చి నాకిది రాదండీ అంటే, ముందు నేను చెప్పిన పాఠాన్నే మరోసారి తడిమి చూసుకుంటాను. ఈ పిల్ల ఎన్నాళ్ళ నుంచి తనను తాను తిట్టుకుంటోందో అని భయమేస్తుంది.