స్విచ్ కట్టేసే ఇంట్లో సర్వర్

తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో సర్వర్లు పెట్టడం నా వారాంతపు సరదా. సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, మూలపడిన ల్యాప్‌టాప్ ఒకటి చాలు. దాన్ని ఇంట్లో ఒక చోట నడుస్తూ ఉంచి, ఫోటోలూ పాటలూ అందులో దాచుకుంటే, ఊళ్ళో ఎక్కడున్నా ఫోనులో తెరుచుకోవచ్చు. కంపెనీల దగ్గర చోటు అద్దెకు తీసుకోనక్కర్లేదు. కొత్తవాళ్ళు బెదిరిపోకుండా తేలిక తెలుగులో ఒక గైడు కూడా రాశాను. ఏం కావాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగిపోతే ఏం చూడాలి, అన్నీ వరసగా ఉంటాయి. అందులో మొదటి నియమం: సర్వర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

ఆ గైడును నమ్మిన మొదటి మనిషి మేముంటున్న ఈ పరాయి నగరంలో, తూర్పున బెడోక్ పేటలో ఉండే ఒక తెలుగు ఆంటీ. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అంకుల్ ఉద్యోగం మీద ఎక్కువగా పక్క దేశాల్లో ఉంటారు కాబట్టి ఫ్లాట్‌లో తరచూ ఆవిడ ఒక్కరే. నగరానికి ఇంకో కొసన వుడ్‌ల్యాండ్స్‌లో కొడుకు దగ్గరుండే వాళ్ళక్కగారు ఒకప్పుడు పెళ్ళిపాటలకు పెట్టింది పేరు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు పోయింది, ఇప్పుడు గుసగుసగా తప్ప మాట్లాడలేరు. అంతకుముందు ఆంటీ తన పాత ఫోనులో రికార్డు చేసుకున్న పాటలే మిగిలాయి. అవి ఫార్వర్డులై ఊరంతా తిరగడం అక్కగారికి ఇష్టం లేదు. అయితే మనవడి పెళ్ళి కుదిరింది. పెళ్ళిలో నలుగు పాట ఇంటి ఆడపిల్లే పాడాలనీ, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని తనే నేర్పాలనీ ఆవిడ కోరిక. పాడి చూపించలేరు కనుక ఆ రికార్డులు కావాలి.

ఆంటీ ఇంట్లో సర్వర్ పెట్టి, పాడయ్యే దశలో ఉన్న ఆ పాత ఫోనులోని రికార్డులు అందులోకి ఎక్కించాను. పొడుగాటి రికార్డుల్లోంచి ఒక్కొక్క పాటనూ ఆవిడే ఓపిగ్గా విడదీసి పేర్లు పెట్టుకున్నారు. వుడ్‌ల్యాండ్స్‌లో అక్కగారి ఫోనులో పాట చక్కగా తెరుచుకుంది.

చిక్కల్లా శనివారాల్లోనే వచ్చింది. మనవరాలు యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఇంటికొచ్చేది ఆ రోజే. ఆంటీ కూడా ఆ రోజే అక్క దగ్గరికి వెళ్ళేవారు. ముగ్గురూ కూర్చుని ఫోను తెరిస్తే పాట రాదు. నాకు మెసేజ్ వస్తుంది. రూటరా, ఇంటర్నెట్ చిరునామా మారుతోందా, అక్కగారి ఫోనా అని అనుమానాలన్నీ వరసగా రాసుకుని, ఆంటీ ఇంట్లో ఉన్నప్పుడు ఫోనులో ఒక్కొక్కటే పరీక్షించి కొట్టేశాను. దేనిలోనూ తప్పు లేదు. మళ్ళీ శనివారం వస్తుంది, మళ్ళీ పాట రాదు.

ఆంటీకి విసుగొచ్చింది. "పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చినా సరిపోయేది కదా బాబూ. నేను గుమ్మం దాటితే చాలు, నీ సర్వర్ అలిగి పడుకుంటోంది."

నవ్వుతూనే అన్నారు గానీ వెనక దిగులుంది. మనవరాలు ఓపిక పోయి, స్పీకర్‌లో ఏదో సినిమా పాట పెట్టేద్దామని ఇంట్లో అనేసిందట. అక్కగారు లేచి లోపలికి వెళ్ళిపోయారట.

తర్వాతి శనివారం ఆంటీతో కలిసే బయల్దేరదామని బెడోక్ వెళ్ళాను. ఆవిడ పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకోబోతూ ఇల్లంతా ఒక చుట్టు తిరిగారు. గ్యాసు, గీజరు, టీవీ, రూటరు. ఇక్కడా మన ఇళ్ళల్లో లాగే గోడమీద ప్రతి ప్లగ్గుకూ ఒక స్విచ్ ఉంటుంది. ఆవిడ చెయ్యి కళ్ళతో పని లేకుండానే ఒక్కొక్కటీ కట్టేస్తూ పోయింది. చివర్న నా సర్వర్ స్విచ్ కూడా.

"ఆంటీ, అది కూడా కట్టేశారేంటండీ?"

"ఇంట్లో మనిషి లేకుండా కరెంటు వదిలేసి ఎలా వెళ్తాం? మా అమ్మయితే మెయినే దించేసేది."

"ఎప్పుడూ నడుస్తూ ఉండాలని గైడులో రాశాను కదండీ."

"రాశావు. నేను ఇంట్లో ఉన్నంతసేపూ నడుస్తూనే ఉందిగా?"

స్విచ్ మీద 'కట్టవద్దు' అని కాగితం అంటించవచ్చు. అంటిస్తే, అక్క ఇంట్లో కూర్చున్నంతసేపూ ఆవిడ మనసు ఈ స్విచ్ దగ్గరే ఉంటుంది. మా అమ్మ ఇప్పటికీ ఫోనులో గీజరు కట్టావా అని అడుగుతుంది. ఆ చేతుల అలవాటు నాకు కొత్తదేమీ కాదు.

వుడ్‌ల్యాండ్స్ దాకా ట్రైన్‌లో చాలా దూరం. నియమం ఎక్కడ తప్పిందో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎవరూ లేని ఇంట్లో ఆ పెట్టె నడిచినా ఎవరికీ అక్కర్లేదు. పాట కావలసింది మనుషులున్న చోట. అయితే అక్కగారింట్లో ఇంకో ల్యాప్‌టాప్ పెడితే సరి. రెండింట్లోనూ అవే పాటలుంటాయి. రెండూ నడుస్తున్నప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి సరిచేసుకుంటాయి. ఒకటి ఆగినా రెండోది పాడుతుంది. గోడమీద స్విచ్ కట్టెయ్యగానే ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద అన్నీ సర్దుకుని తనే ఆగిపోయేలా, కరెంటు రాగానే తనే లేచేలా చెయ్యవచ్చు. ఇదంతా ఆంటీకి చెప్పాను.

ఆవిడ అన్నీ విని ఒక్కటే అడిగారు. "అంటే నేను కట్టుకోవచ్చా?"

"నిశ్చింతగా కట్టుకోండి."

ఆంగ్ మో కియో పేటలోని నా గదిలో వాడని ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. వారంలో దాన్ని సిద్ధం చేశాను. గైడులో మొదటి నియమం కొట్టేసి, మనుషులున్నప్పుడు నడిస్తే చాలు అని రాశాను. శనివారం దాన్ని అక్కగారి హాల్లో పెట్టి, మనవరాలి చేతికి ఫోను ఇచ్చాను.

నలుగు పాట మొదలైంది. ఆ గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. పల్చగా, ఎక్కడా తొందర లేకుండా ఉంది. అక్కగారు తల వంచుకుని, పక్కింటివాళ్ళ పాట వింటున్నట్టు విన్నారు. తర్వాత మనవరాలు దాంతోపాటు అందుకుంది. రెండో చరణం దగ్గర అక్కగారు చెయ్యెత్తి ఆపించారు.

"అక్కడ సాగదీయకు," అన్నారు గుసగుసగా. "నలుగు పెట్టే చెయ్యి ఆగదు. పాట ఆ చేత్తో నడవాలి."

"నానమ్మా, టూ ఫాస్ట్ లా," అంది మనవరాలు ఇక్కడి పిల్లల యాసలో.

"నన్నూ అక్క ఇలాగే తినేసేది చిన్నప్పుడు," అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఆపారు. పులిహోర పళ్ళేల్లోకి వచ్చింది, ఎవరూ ముట్టుకోలేదు. కొంతసేపటికి అక్కగారు ఫోను వైపు చెయ్యి చూపించారు.

"ఇక అది తీసెయ్. నువ్వొక్కదానివే పాడు."

మనవరాలు ఫోను సోఫా మీద బోర్లా పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండో చరణంలో ఒకచోట తడబడింది. మోకాలి మీద తాళం వేస్తున్న అక్కగారి చెయ్యి ఆగలేదు. పిల్ల ఆ చేతిని చూసుకుంటూ పాటను మళ్ళీ అందుకుంది.