మా బావ ముంచిన నాయిక

పుస్తకం చదివి సినిమా చూడాలా, సినిమా చూసొచ్చి పుస్తకం పట్టాలా అని ఎవరైనా నన్ను అడిగితే, చుట్టుపక్కల మా బావ ఉన్నాడా లేడా అని ముందు కనుక్కుంటాను. ఉంటే రెండూ మానుకోమంటాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, మదనపల్లెలో బడిపంతులు. ఆయన చదవని పుస్తకం లేదు, చదివి ఊరుకున్న పుస్తకం అంతకన్నా లేదు. రైళ్ల టైంటేబుల్ చదివినా, చివరికి ఏ స్టేషను వస్తుందో పక్కవాడికి చెప్పందే అన్నం సయించని మనిషి. మా అక్కకు అక్షరం రాదు. రోజూ సాయంత్రం ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే, ఈయన నవలలు చదివి వినిపించేవాడు. ఆమె లెక్కలో లోకంలో అచ్చయిన ప్రతి మాటా మా బావ నోట్లోంచి పుట్టిందే.

నాది పుంగనూరు. చింతపండు వ్యాపారం. అవి యుద్ధపు రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గు కొలిమి కట్టుకుని నడిచేవి. మదనపల్లెలో గుడ్లబుట్టతో ఎక్కిన ముసలమ్మ పుంగనూరులో కోడిపిల్లలతో దిగేది. అలాంటి బస్సులో ఒకనాడు బావా నేనూ పక్కపక్కన కూర్చుని మా ఊరికి వస్తున్నాం. నా చేతిలో ఆయన దగ్గర అడిగి తెచ్చుకున్న నవల ఉంది. ఎంత మంచి నవలంటే, బస్సు ఎత్తు ఎక్కలేక అందరూ దిగి తోస్తున్నప్పుడు నేను ఒక చేత్తో బస్సును తోస్తూ రెండో చేత్తో చదివాను. నాయిక వానలో ఏటి ఒడ్డుకొచ్చి, పడవలో ఒక కాలు పెట్టింది. రెండో కాలు ఇంకా గట్టు మీదే ఉంది. నా ఊపిరి ఆ రెండు కాళ్ల మధ్య ఆగిపోయింది.

బావ నా భుజం మీదుగా తొంగిచూసి, చిటికెడు పొడుం పీల్చి, "ఎక్కుతాదిలేప్పా. నడి ఏట్లో మునిగి సస్తాది. శవం గూడా దొరకదు," అన్నాడు.

అంతే. పుస్తకం మూసి ఆయన ఒళ్లో పడేశాను. జుట్టు విరబోసుకుని శపథం చేద్దామంటే, నలభై దాటిన నా నెత్తిన ఆపాటి సామగ్రి లేదు. అందుకని కిటికీ చువ్వ పట్టుకుని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాను. ఈ మనిషి చెప్పిన ముగింపు నలుగురి ఎదుట, ముఖ్యంగా మా అక్క ఎదుట, అబద్ధమై తీరాలి! అచ్చయిపోయిన ముగింపును అబద్ధం చెయ్యడం ఎలాగో నాకూ తెలియదు. పగకు అలాంటి చిల్లర వివరాలు అక్కర్లేదు.

కొన్నేళ్లకు మద్రాసువాళ్లు ఆ నవలను సినిమా తీశారు. మా బావ మదనపల్లెలో కనబడిన ప్రతివాణ్ణీ నిలబెట్టి, "పుస్తకం సదవకుండా సినిమాకు పొయ్యేది, జాతకం సూడకుండా పిల్లనిచ్చేదీ ఒకటే," అని పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. బార్బరు షాపులో సగం గడ్డంతో కూర్చున్నవాడికి కూడా కథ చివరిదాకా చెప్పాడట.

కుప్పానికి రైలుంది కాబట్టి సినిమా పెట్టె ముందు అక్కడ దిగింది. చింతపండు బేరానికి వెళ్లినవాణ్ణి నేరుగా టెంటు సినిమాలో దూరాను. నాయిక పడవ ఎక్కింది. తుపాను వచ్చింది. మునిగింది. బావే గెలిచాడని తల దించుకున్నాను. ఇంతలో ఎవరో జాలరి వల లాగాడు. వలలో చేపలతోపాటు నాయిక! బొట్టు కూడా చెదరలేదు. గట్టెక్కుతూనే పాట అందుకుంది. పాట అయ్యేలోగా పెళ్లి. నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే వెనకాయన నా పంచె పట్టి లాగి, "కూసో సామీ! నీ సొంత కూతురి పెండ్లా ఏమి?" అన్నాడు.

కూతురి పెళ్లికైనా అంత సంబరపడను.

ఆ సినిమా మదనపల్లెకన్నా ముందే పుంగనూరు టెంటుకు వస్తోందని తెలియగానే బావకు కార్డు రాశాను. మా ఊరి జనం కథ తెలియక అల్లాడిపోతారని, చదువుకున్నవాడు పక్కనుండి చెబితే పుణ్యమని, అక్కను కూడా తీసుకురమ్మని. కార్డు అందకముందే బయల్దేరాడేమో అన్నంత వేగంగా దిగాడు.

మా టెంటులో మిషను ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వేసి కొత్త రీలు ఎక్కించేవారు. మూకీల కాలంలో తెర పక్కన ఒకాయన బెత్తం పట్టుకుని కథ చెప్పేవాడు. టాకీ వచ్చి ఆయన పోయాడు గానీ, మా జనానికి అడిగే అలవాటు పోలేదు. దీపాలు వెలిగినప్పుడల్లా బావ లేచి, రాబోయే రీలులో ఏం జరుగుతుందో చెప్పాడు. పది రీళ్లూ చెప్పింది చెప్పినట్టు జరిగింది. నేల మీది ఆడవాళ్లు తెరకు వీపు పెట్టి ఆయనవైపు తిరిగి కూర్చున్నారు.

పడవ ఎక్కే ముందు రీలు ఆగింది. నేనే అడిగాను, అమాయకంగా. "బావా, ఆ బిడ్డ గతి ఏమయితాది?"

బావ కళ్లద్దాలు తీసి తుడిచాడు. "అమ్మా, గుండె దిటవు సేసుకోండి. ఆ బిడ్డ సస్తాది."

ఏడుపు మొదలైంది. టెంటులోని ఇసుక తడిసి ముద్దయింది. ఒక అవ్వ రొమ్ము బాదుకుంది. కథ ఇంట్లో మూడుసార్లు విన్న మా అక్క అందరికన్నా ముందు శోకం ఎత్తుకుంది. నేనూ పైగుడ్డతో మొహం కప్పుకున్నాను. నవ్వు దాచుకోవడానికి ఇంకో దారి లేదు.

తర్వాత వల, చేపలు, పాట.

టెంటు మొత్తం మెల్లగా బావవైపు తిరిగింది. "ఏమి సామీ, సచ్చినోళ్లు పాట పాడతారా మీ ఊర్లో?" అని ఒకామె. "ఊరికే ఏడిపిస్తివి కదయ్యా! మొగుడు పోయినా ఇంత ఏడవలేదే నేను!" అని అవ్వ. వేరుశనక్కాయ తొక్కలు వానలా కురిశాయి. బావ తెరవైపు చెయ్యి చాపి, "తప్పు! పుస్తకంలో అట్ల లేదు!" అని అరిచాడు. తెరమీద తలంబ్రాలు పోస్తున్నారు.

ఇంటికి వస్తూ అక్క అడిగింది. "యాల సంపినావయ్యా ఆ బిడ్డను? మూడు తూర్లు సదివినావు, మూడు తూర్లూ సంపినావే!"

"పుస్తకంలో అట్లనే ఉండాదే!"

"అంత దుడ్డు పెట్టి సినిమా తీసినోళ్లకు సదవను రాదా? నీకే సరిగ్గా రాదు."

వారానికి మదనపల్లె నుంచి కబురొచ్చింది. వెళ్లి చూస్తే బావ సగమయ్యాడు. సాయంత్రం చదువు బంద్. సంగటి ముద్దలోకి అక్క ఊరిబిండి పచ్చడి కూడా నూరడం లేదు. ఆయన పుస్తకం చివరి పేజీ తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు సదువప్పా మీ యక్కకు. నన్ను నమ్మనంటా ఉండాది." బస్సులో పొడుం పీల్చిన ఆ ముక్కు వణుకుతోంది.

ముందు మనసులో చదువుకున్నాను. నిజంగానే చనిపోయింది. నీళ్ల మీద ఆమె పూలు తేలడం ఎంత బాగా రాశాడంటే ఆ వరస మళ్లీ చదువుకున్నాను. నా కళ్లలో తడి చూసి బావ మొహం వెలిగింది. నేను దగ్గి, గొంతు సవరించుకుని, పైకి చదివాను.

"అంతట నొక జాలరి వల లాగుచుండెను. వల బరువుగా నుండెను..."

"అబద్ధం!" బావ ఎగిరి పుస్తకం లాక్కుని అక్క మొహం ముందు పెట్టాడు. "సూడే, ఈ వరస సూడు! ఏమని ఉండాది?"

అక్క ఆ వరసను చీమలబారును చూసినట్టు చూసింది. "మా తమ్ముడు సదివితే వింటి కదా. నువ్వు ఊరికుండు. తర్వాత ఏమాయరా?"

నేను చేతులు కట్టుకుని, పుస్తకం లేకుండానే, పెళ్లి చేసి, ఏడాది తిరక్కుండా కవలపిల్లల్ని పుట్టించాను. కవలలు సినిమాలో కూడా లేరు. అది నా కొసరు.

బస్సుదాకా బావ నాతో నడిచొచ్చాడు. చివరికి అడిగాడు. "ఏమప్పా, ఇంత పగ యాల నీకు?"

బొగ్గు బస్సు సంగతి చెప్పాను. ఆయనకు గుర్తే లేదు. పొడుం డబ్బీ తీసి, "అయినా నేను సెప్పింది నిజమే కదప్పా? మునిగి సచ్చింది కదా?" అన్నాడు.

"నిజమే బావా," అన్నాను బస్సు మెట్టెక్కుతూ. "పోయి అక్కకు సెప్పు."