కుట్టు లేని అతుకు

సామగ్రి విభాగపు అధికారి గారి సముఖమునకు.

ఎవరి తరఫున ఈ విన్నపం సమర్పించబడుతున్నదో ఆమెను అందరూ సూదక్క అంటారు. చిరిగిన కోట్లకు రఫ్ఫు చేసే పని. వయస్సు యాభై ఏడు. ఈ లేఖకుడికి ఆమెతో పరిచయం ఇరవై రెండేళ్లు. కార్యాలయంలో మెట్ల కింద ఆమె బల్ల, మెట్ల పైన ఇతడి బల్ల.

మన యూనిఫాం కోట్లలో ఆమె చేతిలో పడనిది అరుదు. ఆ గుడ్డలోంచే పోగులు లాగి, నిలువు పోగుకు అడ్డపోగు అల్లి, చిరుగు ఎక్కడుండేదో తొడుక్కున్నవాడికే తెలియకుండా చేస్తుంది. ఆపై అతుకును గోటితో ఒకసారి గీకి చూస్తుంది. నిలిచిందని గోరు చెబితే తప్ప కోటు ఆమె బల్ల దాటదు.

అటువంటి మనిషికి కళ్లు మసకబారాయి. తొమ్మిదేళ్ల క్రితం కుడికంటి కార్నియా మొత్తం మార్చి పదహారు కుట్లు వేశారు. ఆ కన్ను కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు వెలుతురేదో చీకటేదో మాత్రం చెబుతోంది. మిగిలింది ఎడమ కన్ను. దానికి మొన్న సోమవారం కొత్త పద్ధతిలో శస్త్రచికిత్స జరిగింది.

"ఈసారి మొత్తం మార్చమమ్మా," అని డాక్టరమ్మ ముందే వివరించింది. "లోపలి పొర ఒక్కటే మారుస్తాం. దాత కంట్లోంచి తీసింది. వెంట్రుక కంటే పలచన."

"ఎన్ని కుట్లు?"

"పొరకు కుట్లే ఉండవు. కంట్లోకి గాలి బుడగ వదులుతాం. అదే పొరను పైకి నొక్కి పట్టుకుంటుంది. అతుక్కునే దాకా మీరు వెల్లకిలా పడుకోవాలి. తల వంచితే బుడగ పక్కకి పోతుంది, పొర జారుతుంది."

సూదక్క సరేనంది గాని, ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు. కుట్టునే నమ్ముకుని బతికిన మనిషి, కుట్టు లేని అతుకును ఎలా నమ్మగలదు?

మంగళవారం ఉదయం అంతా బాగుందని ఇంటికి పంపారు. ఆడపడుచు కాపలా కూర్చుంది.

"వదినా, కదిలావంటే నిన్ను మంచానికేసి కుట్టేస్తాను."

"నీ కుట్టు నాకు తెలీదా? నువ్వు కుట్టిన గుండీ గుమ్మం దాటేలోపే ఊడిపోతుంది."

"అందుకే రెండు వరసలు వేస్తాలే. నోరు మూసుకుని పడుకో."

సూదక్క దిండు కింద మన విభాగపు నోటీసు ఉంది. గురువారం పదకొండు గంటలకు తమ ఎదుట నమూనా చిరుగు రఫ్ఫు చేసి చూపాలి. రానివారి స్థానం వేరొకరికి పోతుంది. మూడేళ్లకోసారి జరిగే పరీక్షే, ఆమె ఎన్నడూ తప్పలేదు. ఈసారి మాత్రం కన్ను నిలిచిందో లేదో చెప్పడానికి గోరు పనికిరాదు.

ఆ సాయంత్రం ఆడపడుచు పాలకని వీధిలోకి వెళ్లింది. సూదక్క లేచి కూర్చుంది. కంటి మీది మూత తీసింది. సూది పట్టుకుని తల వంచింది. దారం పక్కనుంచి పోయింది. ఇంకాస్త వంగింది. మళ్లీ పోయింది. గడ్డం మోకాలికి తగిలేదాకా వంగినా దారం ఎక్కలేదు. తలుపు చప్పుడు వినగానే మూత పెట్టుకుని వెల్లకిలా పడుకుంది.

ఈ ఉదయం దుప్పటి సర్దుతుంటే ఆడపడుచు వేలికి సూది గుచ్చుకుంది.

"ఇదేంటి వదినా? లేచి కూర్చున్నావా?"

"కాసేపే."

"ఎంతసేపు?"

"సూదిలో దారం ఎక్కించేంతసేపు."

"ఎక్కిందా?"

"లేదు."

ఆడపడుచు వెంటనే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ యంత్రంలోంచి చాలాసేపు చూసింది. ఆడపడుచు చేతిసంచీ పిడిని మెలితిప్పుతూనే ఉంది.

"కింది అంచు లేచింది. ఇంకో బుడగ వేస్తాను," అంది చివరికి డాక్టరమ్మ. "ఇప్పట్నుంచి మూడు రోజులు కదలకూడదు. మళ్లీ జారితే ఇంకో పొర కావాలి. అదెప్పుడు దొరుకుతుందో మాటివ్వలేను."

మధ్యాహ్నం ఈ లేఖకుడు చూడబోతే, సూదక్క కప్పుకేసి చూస్తూనే పలకరించింది.

"పెద్దాయనా, రేపు నేను రావాలి. బండిలో వెనక్కి వాలి కూర్చుంటాను."

"వచ్చి? తల వంచకుండా ఎలా కుడతావమ్మా?"

సూదక్క ఒక చేత్తో మంచం కింద చెప్పుల కోసం తడిమింది.

"చెప్పులు దాచేశాను," అంది ఆడపడుచు.

"ఉత్త కాళ్లతో పోతాను. పెద్దాయనా, ఆఫీసువాళ్లు ఆగుతామన్న కాగితం చదివి వినిపించు, పడుకుంటాను. వినేదాకా మాత్రం మాటివ్వను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషని ఇరవై రెండేళ్లుగా ఎరిగినవాడు గనుక, ఈ లేఖకుడు ఈ విన్నపాన్ని స్వయంగా తెచ్చి సమర్పించుకుంటున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన ధ్రువపత్రం జతపరచడమైనది.

కావున తమరు దయతో సదరు సూదక్క నమూనా పరీక్షను, ఆ కన్ను సూది పనికి సిద్ధమైనదని డాక్టరమ్మ ధ్రువీకరించే వరకు వాయిదా వేయవలసినదిగాను, అంతవరకు మెట్ల కింది బల్లను ఆమె పేరనే ఉంచవలసినదిగాను, ఆ మేరకు ఒక్క వాక్యం రాసి సంతకం చేసి ఈ సాయంత్రమే ఇప్పించవలసినదిగాను ప్రార్థన. లేఖకుడు తమ గది బయట బెంచీ మీద వేచి ఉన్నాడు.